ఇంటిదొంగను పట్టడం ఎలా?

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. బయటి దొంగ గోడ దూకాలి, తాళం పగలగొట్టాలి, ఎక్కడో ఒకచోట చప్పుడు చేస్తాడు. ఇంట్లో మనిషిలా తిరిగే దొంగ అలా కాదు. మనతోపాటే అన్నం తింటాడు, ఏదైనా పోతే మనతోపాటే వెతుకుతాడు. లినక్సు సర్వరులో దూరిన దొంగ ప్రాసెస్ కూడా ఈ జాతిదే.

ఆఫీసు సర్వరుకి ఇలాంటిది జరిగితే చూసుకోవడానికి ఒక సెక్యూరిటీ బృందం ఉంటుంది. కానీ మనలో చాలామంది మెడకు ఇంకో సర్వరు కూడా వేలాడుతూ ఉంటుంది. ఊళ్ళో తెలుగు సంఘానిదో, గుడిదో, ఆదివారం నడిచే తెలుగు బడిదో. "మీరు సాఫ్టువేరే కదండీ, కాస్త చూసిపెట్టండి" అని ఎవరో అంటారు. మొహమాటానికి మనం తలూపుతాం. అలాంటి సర్వరు మీద అనుమానం వచ్చిన రాత్రి ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అన్నదే ఈ వ్యాసం. నేను చేసిన తప్పుతో సహా చెబుతాను.

ఆ శనివారం రాత్రి

2023లో ఉగాది బుధవారం వచ్చింది. మా సంఘం వేడుకలు ఆ వారాంతంలో. సరిగ్గా వారం ముందు, శనివారం రాత్రి, మా కోశాధికారి గారు ఫోను చేశారు. "సైటు తెరుచుకోవడం లేదండీ. టికెట్లు కొనలేకపోతున్నామని అందరూ నన్ను తిడుతున్నారు."

అది రెండు కోర్ల చిన్న అద్దె సర్వరు, ఉబుంటు మీద నడుస్తోంది. లాగిన్ అయి టాప్ కమాండు కొట్టాను. ఒకే ఒక్క ప్రాసెస్ రెండు కోర్లనూ మింగేస్తోంది. పియస్ కమాండుతో చూస్తే దాని పేరు చదరపు బ్రాకెట్ల మధ్య ‘కెవర్కర్’ అని ఉంది. కెవర్కర్లంటే కెర్నెల్ తన సొంత పనులకు పెట్టుకున్న పనివాళ్ళు. వాళ్ళు ఇంతలా సీపీయూ తినడమేమిటని ఆలోచించే ఓపిక ఆ క్షణంలో లేదు. కిల్ మైనస్ తొమ్మిది కొట్టాను. సైటు తెరుచుకుంది. కోశాధికారి గారు సంతోషించారు.

ఆ సంతోషం నిమిషం కూడా నిలవలేదు. అదే పేరు, కొత్త నంబరుతో మళ్ళీ వచ్చి కూర్చుంది.

అది తిరిగి రావడం నా అదృష్టం. రాకపోతే, పని అయిపోయిందనుకుని హాయిగా పడుకునేవాణ్ణి. ఏ తలుపులోంచి వచ్చిందో, ఎన్నాళ్ళ నుంచి ఉందో, ఇంకేం చేసిందో నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

చంపకండి, ముందు చూడండి

నడుస్తున్న ప్రాసెస్ దొంగే కాదు, సాక్షి కూడా. ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరితో మాట్లాడుతోంది, ఏ ఫైళ్ళు తెరిచింది అన్న వివరాలన్నీ అది బతికున్నంతసేపే కెర్నెల్ దగ్గర ఉంటాయి. చంపిన మరుక్షణం పోతాయి. రీబూట్ చేస్తే ఇంకా నష్టం. /డెవ్/ఎస్‌హెచ్‌ఎం లాంటి చోట్ల దాచిన ఫైళ్ళు మెమరీలోనే ఉంటాయి కాబట్టి అవి కూడా తుడిచిపెట్టుకుపోతాయి. దొంగలు ఆ చోటును ఇష్టపడటానికి అదొక కారణం.

ఈ పాఠం పాతదే. 1986లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్కిలీ లాబొరేటరీలో క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రవేత్తకు కంప్యూటరు వాడకం లెక్కల్లో 75 సెంట్ల తేడా కనిపించింది. ఆ తేడాను పట్టుకుని వెళితే అనుమతి లేకుండా లోపలికి వస్తున్న మనిషి దొరికాడు. స్టోల్ అతన్ని వెంటనే గెంటెయ్యలేదు. టైపు చేసిన ప్రతి అక్షరాన్నీ ప్రింటర్లకెక్కించి నెలల తరబడి గమనించాడు. చివరికి ఆ దారి జర్మనీలో తేలింది. మనకు అంత తీరిక అక్కర్లేదు. పావుగంట చాలు. కానీ ఆ పావుగంట చంపడానికి ముందు రావాలి.

ఒక మినహాయింపు ఉంది. మన సర్వరు ఇంకెవరి మీదో దాడి చేస్తుంటేనో, డేటా కళ్ళముందే బయటికి పోతుంటేనో, ముందు నెట్‌వర్కు తెంచాలి. అదీ సర్వరు లోపలి నుంచి కాదు, అద్దెకిచ్చిన కంపెనీ కంట్రోల్ ప్యానెల్లో ఉండే ఫైర్‌వాల్ నుంచి. మీ ఇంటి ఐపీ అడ్రసుకు ఒక్కదానికే దారి ఉంచి మిగతావన్నీ మూసేస్తే ప్రాసెస్ బతికే ఉంటుంది, దాని ఆటలు మాత్రం సాగవు. అదే ప్యానెల్లో డిస్కుకు స్నాప్‌షాట్ తీసే వీలుంటే ఆ పని కూడా అప్పుడే చెయ్యండి.

ఇక సీపీయూ తినేస్తున్న ప్రాసెస్‌ను ఆపాలంటే చంపనక్కర్లేదు. కిల్ కమాండుతోనే స్టాప్ సిగ్నల్ పంపితే అది ఉన్నచోటే కొయ్యబారిపోతుంది. ఈ సిగ్నల్‌ను ఏ ప్రోగ్రామూ పట్టించుకోకుండా తప్పించుకోలేదు. రెండోసారి నేను చేసింది ఇదే. సైటు తెరుచుకుంది, సాక్షీ మిగిలాడు.

పేరు కాదు, పుట్టుపూర్వోత్తరాలు

ప్రాసెస్ పేరు అంటే అది తన గురించి తాను చెప్పుకునే మాట. లినక్సులో ఏ ప్రోగ్రామైనా తన పేరును ఇష్టం వచ్చినట్టు మార్చుకోవచ్చు. 2020 నుంచి ఎన్నో సర్వర్లలో బయటపడిన కిన్‌సింగ్ అనే దొంగ ప్రోగ్రాము, క్రిప్టో నాణేలు తవ్వే తన అనుచరుడికి ‘కెడెవ్‌టిఎంపిఎఫ్ఎస్ఐ’ అని పేరు పెట్టింది. ‘కెడెవ్‌టిఎంపిఎఫ్ఎస్’ అనేది అసలైన కెర్నెల్ పనివాడి పేరు. చివర ఒక్క ‘ఐ’ మాత్రం ఎక్కువ. రాత్రి పదకొండింటికి నిద్రకళ్ళతో చూస్తే ఆ తేడా ఎవరికి కనిపిస్తుంది?

కాబట్టి పేరు అడక్కండి. పుట్టుపూర్వోత్తరాలు అడగండి. కెర్నెల్ థ్రెడ్డునని చెప్పుకునే ప్రాసెస్‌కు మూడు పరీక్షలు పెట్టాలి. ఒకటి, అది రూట్ పేరు మీద నడుస్తూ ఉండాలి. రెండు, దాని తండ్రి నంబరు 2 అయి ఉండాలి. కెర్నెల్ థ్రెడ్లన్నిటినీ కనేది ఆ రెండో నంబరు ప్రాసెసే. మూడు, డిస్కు మీద దానికంటూ ప్రోగ్రాము ఫైలు ఉండకూడదు. మా ‘కెవర్కర్’ మొదటి పరీక్షలోనే తప్పాడు. అది వెబ్ సర్వరు వాడే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే యూజరు పేరు మీద నడుస్తోంది. కెర్నెల్ పనివాడికి వెబ్ సర్వరు చొక్కా ఎందుకు?

సీపీయూ తినే ప్రతిదాన్నీ దొంగ అనుకోవడం కూడా పొరపాటే. మెమరీ చాలనప్పుడు కెస్వాప్‌డి అనే నిజమైన కెర్నెల్ థ్రెడ్డు గంటల తరబడి ఆయాసపడుతుంది. ఆటోమేటిక్ అప్‌డేట్లు, బ్యాకప్పులు రాత్రిపూట సర్వరును ఊపేస్తాయి. పై పరీక్షలు నిర్దోషులను వదిలిపెట్టడానికి కూడా పనికొస్తాయి.

అసలు వివరాలు ఉండేది /ప్రాక్ డైరెక్టరీలో. నడిచే ప్రతి ప్రాసెస్‌కూ దాని నంబరు పేరుతో అక్కడ ఒక ఫోల్డరు ఉంటుంది. అందులో చూడవలసినవి ఇవి:

ఎగ్జీ అనే లింకు. ప్రాసెస్ ఏ ఫైలులోంచి పుట్టిందో చెబుతుంది. మా దొంగ విషయంలో అది /డెవ్/ఎస్‌హెచ్‌ఎంలో చుక్కతో మొదలయ్యే ఒక ఫైలును చూపించి, పక్కనే ‘డిలీటెడ్’ అంది. అంటే ప్రోగ్రాము మొదలవగానే తన ఫైలును తానే చెరిపేసుకుంది. అయినా భయం లేదు. ప్రాసెస్ బతికున్నంతవరకూ ఆ ఫైలు నిజంగా పోదు. ఈ ఎగ్జీ లింకును సీపీ కమాండుతో కాపీ చేస్తే మొత్తం ప్రోగ్రాము చేతికొస్తుంది. చంపకూడదని చెప్పడానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

సీడబ్ల్యూడీ అనే లింకు. ఏ డైరెక్టరీలో కూర్చుని పనిచేస్తోందో చెబుతుంది. /టిఎంపి, /వార్/టిఎంపి లాంటి అందరూ రాయగలిగే చోట్లయితే అనుమానం బలపడుతుంది.

ఎన్విరాన్ అనే ఫైలు. పుట్టినప్పటి పరిసరాలు. ఎస్ఎస్‌హెచ్ ద్వారా లాగిన్ అయిన మనిషి మొదలుపెట్టిన ప్రాసెస్ అయితే, అతను వచ్చిన ఐపీ అడ్రసు తరచుగా ఇందులో దొరుకుతుంది.

ఎఫ్‌డీ అనే ఫోల్డరు. తెరిచి ఉంచిన ఫైళ్ళు, నెట్‌వర్కు కనెక్షన్ల చిట్టా. దీన్ని ఎస్ఎస్ కమాండుతో కలిపి చూస్తే ఎవరితో మాట్లాడుతోందో తెలుస్తుంది. మాది బయట ఎక్కడో ఒక మెషీన్ 3333 పోర్టుతో మాట్లాడుతోంది. తవ్వకం ముఠాలు ఎక్కువగా వాడే పోర్టు అది.

సీగ్రూప్ అనే ఫైలు. చాలామంది మర్చిపోయేది, నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే. తండ్రి ప్రాసెస్ చచ్చిపోతే పిల్లను సాధారణంగా ఒకటో నంబరు ప్రాసెస్ దత్తత తీసుకుంటుంది. అప్పుడు పియస్ చూపించే తండ్రి పేరు వల్ల ఏమీ తెలియదు. కానీ ఏ సర్వీసు కింద పుట్టిందో సీగ్రూప్‌లో రాసి ఉంటుంది. దత్తత వెళ్ళినా ఇంటిపేరు మారదన్నమాట. మా దొంగ ఇంటిపేరు ‘క్రాన్’.

వీటన్నిటి ఫలితాలనూ అదే సర్వరు డిస్కు మీద దాచకండి. మీ ల్యాప్‌టాప్‌కు తెచ్చుకుని, టైముతో సహా రాసి పెట్టుకోండి. ఇంకో మాట. ఆ సర్వరులో కొత్త పాస్‌వర్డులేవీ టైపు చెయ్యకండి. ఎస్ఎస్‌హెచ్ ఏజెంట్ ఫార్వర్డింగ్ ఆపేసి మరీ లాగిన్ అవండి. దొంగ రూట్ అయి ఉంటే మీ తాళాలతో ఇంకో ఇంటికి వెళతాడు.

పిలిచింది ఎవరు? వదిలింది ఎవరు?

క్రాన్ అని తెలిశాక మిగతాది సులువే. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా యూజరుకు క్రాన్‌టాబ్ ఉండవలసిన అవసరం మా సర్వరులో లేదు. కానీ ఉంది. అందులో ఒకే ఒక్క లైను. ప్రతి నిమిషం బయటి నుంచి ఒక స్క్రిప్టు దింపుకుని నడపమని దాని అర్థం. నేను చంపిన ప్రాసెస్ తిరిగొచ్చింది అందుకే. అన్నిచోట్లా క్రానే ఉండాలని లేదు. సిస్టమ్‌డి టైమర్లు, లాగిన్ ఫైళ్ళు, ఎస్ఎస్‌హెచ్ ఆథరైజ్డ్ కీస్ ఫైలులో చేరిన కొత్త తాళం చెవి, ఇవన్నీ చూడాలి. ఒకచోట దొరికిందని మిగతావి వదిలెయ్యకూడదు.

మరి ఆ క్రాన్‌టాబ్ లైను రాసిందెవరు? వెబ్ సర్వరు యూజరు పేరు మీద రాశారు కాబట్టి వెబ్‌సైటులోంచే వచ్చి ఉండాలి. ఫోటోలు ఎక్కించే డైరెక్టరీలో ఫోటోలే ఉండాలి. అందులో ఒక పీహెచ్‌పీ ఫైలు కనిపించింది. ఫైలు తేదీ చూస్తే మూడేళ్ళ కిందటిది, పాత కమిటీ పెట్టినదేమో అనిపిస్తుంది. కానీ ఆ తేదీని టచ్ కమాండుతో ఎవరైనా మార్చవచ్చు. సీటైమ్ అని ఇంకో తేదీ ఉంటుంది. దాన్ని కెర్నెలే వేస్తుంది, టచ్‌తో వెనక్కి జరపలేం. ఫైండ్ కమాండుతో సీటైమ్ ప్రకారం వెతికితే అసలు సంగతి బయటపడింది. ఆ ఫైలు వచ్చి 19 రోజులైంది.

వెబ్ సర్వరు లాగులో ఆ రోజుకు వెళితే కథ పూర్తయింది. ఎప్పుడో బతుకమ్మ ఫోటోల కోసం పెట్టిన ఒక గ్యాలరీ ప్లగిన్. ఆ కమిటీ దిగిపోయింది, కొత్త కమిటీకి అదొకటి ఉందనే తెలియదు, అప్‌డేట్ చెయ్యవలసిన నేను చెయ్యలేదు. ఆ తలుపులోంచి ఎవరో ఫైలు ఎక్కించారు. ఆ తరవాత అదే ఫైలుకు పోస్ట్ రిక్వెస్టులు వరసగా వస్తూ ఉన్నాయి. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు కాకపోయినా, మేం 19 రోజులకు మొరిగాం. అదీ సైటు పడిపోయింది కాబట్టి.

లోపలి మాట నమ్మొచ్చా?

ఇప్పటివరకూ చెప్పినదంతా ఒక నమ్మకం మీద నడిచింది. పియస్, ఎల్ఎస్, ఎస్ఎస్ కమాండ్లు మనకు నిజమే చెబుతున్నాయన్న నమ్మకం. దొంగ రూట్ అయితే ఆ నమ్మకం పోయినట్టే. ఎల్‌డి.ఎస్ఓ.ప్రీలోడ్ అనే ఒక్క ఫైలులో ఒక లైను చేర్చి, మామూలు కమాండ్లకు తన ఫైళ్ళు, ప్రాసెస్‌లు కనపడకుండా చెయ్యవచ్చు. కెర్నెల్లోనే దూరితే /ప్రాక్ కూడా అబద్ధం చెబుతుంది. అందుకే బయటి సాక్ష్యం ఒకటి కావాలి. అద్దె కంపెనీ ప్యానెల్లో సీపీయూ గ్రాఫు నూరు శాతం చూపిస్తూ, లోపల టాప్ మాత్రం ప్రశాంతంగా కనిపిస్తే, ఎవరో మధ్యలో అబద్ధమాడుతున్నట్టే.

ఆర్‌పీఎం, డీపీకేజీ రెండింటిలోనూ ఇన్‌స్టాల్ అయిన ఫైళ్ళు మారాయో లేదో సరిచూసే సదుపాయం ఉంది. వాడండి. కానీ అది చెప్పే ‘అంతా బాగుంది’ అన్న మాట కూడా అదే మెషీన్ చెప్పిన మాటే. తాను రాయని కోడును మనిషి ఎంతవరకు నమ్మగలడన్న ప్రశ్నను యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ తన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో లేవనెత్తారు. ఆ ప్రసంగం 1984లో అచ్చయింది. ఆ ప్రశ్న ఇప్పటికీ పాతబడలేదు.

2011 ఆగస్టులో లినక్సు కెర్నెల్ కోడు ఉండే కెర్నెల్ డాట్ ఆర్గ్ సర్వర్లలోనే దొంగలు పడ్డారని తెలిసింది. నిర్వాహకులు సైటును మూసి, సర్వర్లను మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసుకున్నారు. లినక్సును తయారుచేసేవాళ్ళకే ఇల్లు ఊడిస్తే చాలదని, మళ్ళీ కట్టుకోవాలని అనిపిస్తే, మనమెంత?

మా సర్వరులో దొంగ రూట్ దాకా వెళ్ళిన ఆధారం నాకు దొరకలేదు. కానీ వెళ్ళిన ఆధారం లేకపోవడమూ, వెళ్ళలేదన్న ఆధారం ఉండటమూ ఒకటి కావు. కాబట్టి ఆదివారమంతా కూర్చుని కొత్త సర్వరు తీసుకుని, 19 రోజులకు ముందటి బ్యాకప్పులోంచి సైటును కట్టాను. ఈ మధ్యలో అమ్మిన టికెట్ల వివరాలను మాత్రం డేటాబేసులోంచి పట్టికలుగా తెచ్చుకుని చూసి చేర్చాను. పాత ఫైళ్ళలో ఒక్కటి కూడా కొత్త ఇంట్లోకి తేలేదు. పాస్‌వర్డులు, తాళం చెవులు అన్నీ వేరే మెషీన్ నుంచి మార్చాం.

చెప్పాలా, దాచాలా?

అన్నిటికన్నా కష్టమైన భాగం ఆదివారం రాత్రి కమిటీ కాల్‌లో వచ్చింది. "నాణేలు తవ్వుకునే ప్రోగ్రామే కదా, తీసేశాం కదా, ఇప్పుడు అందరికీ చెప్పి సంఘం పరువు తీసుకోవడం ఎందుకు?" అన్నారు ఒకరు. నాకూ అలా వదిలెయ్యాలనే ఉంది. గ్యాలరీని అప్‌డేట్ చెయ్యనిది నేనే కదా.

కానీ తవ్వకం ప్రోగ్రాము చప్పుడు చేసే దొంగ. అది కనిపించడం వల్ల తలుపు తెరిచి ఉందని తెలిసింది, అంతే. అదే తలుపులోంచి చప్పుడు చెయ్యని దొంగ వచ్చి వెళ్ళలేదని ఎవరు చెప్పగలరు? ఆ వెబ్ యూజరు చదవగలిగిన ఫైలులోనే డేటాబేసు పాస్‌వర్డు ఉంది. డేటాబేసులో సభ్యుల పేర్లు, ఇళ్ళ అడ్రసులు, ఫోను నంబర్లు, పిల్లల వయసులు ఉన్నాయి. డబ్బు కట్టించుకునే పని వేరే సంస్థది కాబట్టి కార్డు నంబర్లు లేవు. పాస్‌వర్డులు హాష్ చేసి ఉన్నాయి నిజమే. కానీ బలహీనమైన పాస్‌వర్డును హాష్ కాపాడలేదు. పైగా సైటులో ఫైళ్ళు మార్చగలిగినవాడు, లాగిన్ పేజీనే మార్చి పాస్‌వర్డు టైపు చేసినప్పుడే పట్టుకోవచ్చు.

చట్టం సంగతి కూడా చూడాలి. అమెరికాలో ఇలాంటి చట్టం మొదట అమల్లోకి వచ్చింది 2003 జులైలో, కాలిఫోర్నియాలో. 2018 నాటికి 50 రాష్ట్రాల్లోనూ వచ్చింది. ఏ సమాచారం పోతే చెప్పాలన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. యూరప్‌లో 2018 మే నుంచి అమలవుతున్న జీడీపీఆర్ ప్రకారం, వ్యక్తులకు ముప్పు ఉండే అవకాశముంటే, తెలిసిన 72 గంటల్లోగా నియంత్రణ సంస్థకు చెప్పాలి. బ్రిటన్‌లోనూ అదే గడువు. స్వచ్ఛంద సంస్థలం కదా అని ఊరుకుంటే కుదరదు.

మేం చెప్పాం. ఏం జరిగింది, ఎప్పటి నుంచి, ఏ సమాచారం బయటికి పోయి ఉండవచ్చు, వాళ్ళు ఏం చెయ్యాలి అన్నది చిన్న ఉత్తరంగా రాసి సోమవారం పొద్దున్నే అందరికీ పంపాం. కొందరు కోప్పడ్డారు. వాళ్ళ కోపం న్యాయమే. కానీ ఇద్దరు మాత్రం ఫోను చేసి, "సంఘం సైటుకీ మా ఈమెయిలుకీ ఒకటే పాస్‌వర్డండీ, ఇప్పుడే మార్చుకున్నాం" అన్నారు. మేం పరువు చూసుకుని ఉంటే ఆ ఇద్దరూ మార్చుకునేవాళ్ళు కాదు.

ఈ వారాంతంలో ఒక అరగంట

ఇది చదివాక మీ మెడకు వేలాడే సర్వరులోకి ఒకసారి వెళ్ళిరండి. వాడని ప్లగిన్లు పీకెయ్యండి, వాడేవాటిని అప్‌డేట్ చెయ్యండి. ఫోటోలు ఎక్కించే డైరెక్టరీలో పీహెచ్‌పీ నడవకుండా ఆపండి. వెబ్ యూజరుకు క్రాన్ వాడే హక్కు తీసెయ్యండి. ఆ యూజరు బయటికి కనెక్షన్లు పెట్టుకునే అవసరం లేకపోతే ఫైర్‌వాల్‌తో మూసెయ్యండి. బ్యాకప్పు ఉందో లేదో కాదు, దానిలోంచి సైటును తిరిగి నిలబెట్టగలరో లేదో ఒకసారి చేసి చూడండి.

అన్నీ బాగున్న రోజున పియస్ కమాండు ఫలితాన్ని ఒక ఫైలులో పెట్టి మీ ల్యాప్‌టాప్‌లో దాచుకోండి. ఇంట్లో ఉండవలసినవాళ్ళెవరో తెలిస్తేనే కదా, ఉండకూడనివాడు కనిపించేది.